మాస్టారు తన కథ తాను రాసుకుంటే
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పంతులును. ఉపాధ్యాయ శిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు జరిగిన సంగతే చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఒక శిక్షణా శిబిరంలో, "మీ చదువుకునే రోజుల్లో మరచిపోలేని ఒక రోజు గురించి రాయండి" అన్నారు. నేను నాలుగో తరగతి నాటి సంగతి రాశాను. ఇంట్లో నీళ్లు పట్టి బడికి పోయేసరికి ఆలస్యమైంది. మాస్టారు కారణం అడగలేదు. మధ్యాహ్నం దాకా గుమ్మం బయట నిలబెట్టారు. లోపల చెప్పే లెక్క వినపడేది గాని బోర్డు కనపడేది కాదు. ఆనాటి భాగహారం నాకు చాలాకాలం పట్టుబడలేదు.

అది చదివి వినిపించాక శిక్షకులు ఒక్కటే ప్రశ్న వేశారు: "మరి మీ తరగతిలో ఆలస్యంగా వచ్చినవాణ్ణి మీరేం చేస్తున్నారు?" నాకు నోట మాట రాలేదు. శిబిరానికి బయలుదేరే ముందురోజే ఒక పిల్లవాణ్ణి బయట నిలబెట్టి వచ్చాను!

తిరిగి రాగానే వాణ్ణి పిలిచి, "ఎందుకు బేటా, రోజూ ఆలస్యం?" అని అడిగాను. తల్లి బీడీలు అప్పజెప్పి వచ్చేదాకా చెల్లెల్ని చూసుకుంటున్నాడట. ఏడాదిగా నేను అడగనేలేదు.

మనకు పాఠం చెప్పడం నేర్పేది శిక్షణా కళాశాల ఒక్కటే కాదండీ. మనకు చెప్పినవాళ్ల కోపం, ఓర్పు రెండూ మనలో ఉండిపోతాయి. విలియం పైనార్ అనే అమెరికా విద్యావేత్త 1975లో దీనికొక పద్ధతి చెప్పారు. గడిచిన చదువును గుర్తు చేసుకోవడం, రాబోయేదాన్ని ఊహించడం, నేటి స్థితిని పరిశీలించడం, చివరికి అన్నిటినీ కలిపి చూసుకోవడం. మన దేశంలో 2014 నిబంధనలతో బి.ఇడి. రెండేళ్ల కోర్సయ్యాక, తనను తాను తెలుసుకోవడం కూడా శిక్షణలో ఒక భాగమయింది.

అయితే రెండు జాగ్రత్తలు. ఎవరి గాయాన్నీ బలవంతంగా చదివించకూడదు, దానికి మార్కులు వేయకూడదు. రాసి ఊరుకుంటే కూడా లాభం లేదు. మరునాడు తరగతిలో ఏదో ఒకటి మారాలి.

మన పిల్లల్లో పంతుళ్లు కాబోయేవారున్నారు. వారు ఒక నోటుబుక్కు పెట్టుకోవాలని కోరుతున్నాను. తల్లిదండ్రులారా, బిడ్డ ఆలస్యానికి కారణముంటే మాకు చెప్పండి. అడగవలసింది మేమే, అయినా చెప్పండి.

ఇప్పుడు నా తరగతి గుమ్మం బయట ఎవరూ నిలబడరు. ఆ పిల్లవాడికి భాగహారం వచ్చింది.