షరఫియా వీధుల్లో తెలుగు పాఠం



మా తాతగారు, నాన్నగారు, నేను మూడు తరాలుగా బడిపంతుళ్ళం. జెద్దాలో సాయంకాలం పూట పిల్లలకు తెలుగు చెప్పడం ఆ వారసత్వంలో భాగమే. అక్షరాలు వీళ్ళకు త్వరగానే పట్టుబడతాయి. చిక్కంతా మాటలతోనే. పుస్తకంలో చదివిన మాటతో ఇంట్లోనూ వీధిలోనూ పని పడకపోతే అది నిలవదు. అందుకని అప్పుడప్పుడు తల్లిదండ్రుల అనుమతితో పిల్లల్ని వెంటబెట్టుకుని షరఫియాలో నింపాదిగా నడుస్తాను.

మొదటి మజిలీ కుట్టుసామాన్ల దుకాణం. సూదులు, దారపుండలు, గుండీలు, హుక్కులు, చీర ఫాల్సు, లేసులు ఒక్కొక్కటే చేతికిచ్చి పేరు చెప్పమంటాను. లేసు దగ్గర మన నరసాపురం సంగతి వస్తుంది. అక్కడి స్త్రీలు చిన్న కొక్కెపు సూదితో అల్లే లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. దుకాణం అన్న మాటే అరబ్బీ “దుక్కాన్”. వారి “జైబ్” మన చొక్కాకు జేబు అయింది. ఇవి పారశీకం, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చాయి. బొత్తాం పోర్చుగీసువారిది. ఇక్కడ “బాఖీ” అంటే దుకాణదారు తిరిగి ఇచ్చే చిల్లర. మనకు బాకీ అంటే తీర్చవలసిన అప్పు! పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్వుతూ నేర్చిన మాట మరచిపోరు.

కాళ్ళు నొచ్చేసరికి కేరళ సోదరుల టీ దుకాణం కనిపిస్తుంది. పాలు లేని టీని వారు సులేమానీ అంటారు. అరబ్బులకది షాయ్, మనకు టీ, చాయ్. అన్నీ చీనా దేశం నుంచి వచ్చినవే. ఒకటి ఓడ దారిన వస్తే మరొకటి మెట్ట దారిన వచ్చింది. మనవాళ్ళు దానికి నీరు చేర్చి తేనీరు అన్నారు. వచ్చిన మాటను ఆదరించి తనది చేసుకోవడం మన భాషకు కొత్త కాదు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 2017 జూలైలో ఇక్కడ ఆశ్రితులపై తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము మొదలైంది. ఏటా పెరిగి 2020 నాటికి 400 అయింది. ముగ్గురు ఆశ్రితులుంటే నెలకు 1,200 రియాళ్ళు. చాలామంది భార్యాబిడ్డల్ని స్వదేశానికి పంపేశారు. నా తరగతిలోనూ బల్లలు ఖాళీ అయ్యాయి. వెళ్ళిన పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చేరారు. తండ్రికీ బిడ్డకీ మధ్య ఫోను ఒక్కటే మిగిలింది. ఫోనులో చెయ్యి పట్టుకోలేం, మాటనే పట్టుకోవాలి. ఆ మాట ఇద్దరికీ తెలిసినదై ఉండాలి కదా!

కనుక తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఈ వారం బజారుకు వెళ్ళినప్పుడు పిల్లల్ని తీసుకువెళ్ళండి. కొన్న వస్తువు వారి చేతికిచ్చి, దాని పేరు తెలుగులో చెప్పించండి. పిల్లలు దూరాన ఉంటే ఫోనులోనే అడగండి. దీనికి ఖర్చు లేదు, కాస్త తీరిక చాలు.