పన్ను - చెల్లింపగల శక్తి
(ప్రసంగ పాఠము)



1862లో గురజాడ అప్పారావుగారు జన్మించిన ఈ ఎస్. రాయవరమున పన్నులను గూర్చి రెండు మాటలు మనవి చేయుచున్నాము.

అందరి నుండియు ఒకే మొత్తమును వసూలు చేయుట ఒక పద్ధతి. ఒకే రేటున వసూలు చేయుట రెండవది. ఆదాయము హెచ్చినకొలది రేటును పెంచుట మూడవది. ఆదాయపు పన్ను మూడవ త్రోవన నడచుచున్నది. 2025-26 నూతన విధానమున తొలి 4 లక్షల రూపాయలపై పన్ను లేదు. తరువాతి 4 లక్షలపై నూటికి 5. 24 లక్షలకు మించిన భాగముపై మాత్రమే నూటికి 30. వ్యవసాయాదాయమునకు ఈ పన్ను లేదు.

వృత్తి పన్ను సంగతి వేరు. మన రాష్ట్రమున నెల జీతము 20 వేలు దాటినచో, 21 వేలవాడైనను 2 లక్షలవాడైనను నెలకు 200 రూపాయలే చెల్లించును. ఏటికి 2,500 మించరాదని 1988 నాటి రాజ్యాంగ సవరణ హద్దు విధించినది. కావున భారము చిన్న జీతగానిపైననే హెచ్చు.

ఇక ఇంటిపన్ను పంచాయతీ చేతిలోనిది. పూరింటికిని మేడకును ఒకే మొత్తము వేయుట సమానముగా తోచును గాని న్యాయము కాదు. ప్రతి యింటి విలువను ఉన్నదున్నట్లు వ్రాయింతము. తన మేడ విలువను తగ్గించి వ్రాయించుకొన్న సభ్యుడు పొరుగువానిని పన్ను కట్టుమని ఏ మొగముతో అడుగగలడు? మొదట మన యిండ్ల పన్ను చెల్లింతము. పిదప ఊరివారిని అడుగుదము.