మేనత్త ఇంట చాకిరీ కూడా చాకిరే
(హోట్గి రోడ్ మగ్గం కార్మికుల సభలో ప్రసంగ పాఠం)



పాళీ దిగి నేరుగా వచ్చి కూర్చున్నారు. కనుక సూటిగా మాట్లాడుకుందాం.

మన తాతలు పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకుని షోలాపూర్ వచ్చారు. అదే దారిన బడికి పోవలసిన ఆడపిల్లను "చంటిబిడ్డను ఆడించడానికి" తెచ్చుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. అంట్లు, బట్టలు, నీళ్లు ఆ పిల్లవే. జీతం అడిగితే "మా చుట్టాల పిల్లే" అంటాం.

చట్టం ఏం చేసింది? 1986 బాలకార్మిక చట్టం బీడీలు చుట్టడాన్ని, బట్ట నేతను, అద్దకాన్ని నిషేధిత పనుల్లో చేర్చింది. కానీ కుటుంబం నడుపుకునే పనిని వదిలేసింది. కంపెనీ ఆకు, తంబాకు తల్లి చేతికిచ్చి ఇంటికి పంపితే, పక్కన కూర్చుని ఆకు కత్తిరించే బిడ్డ ఏ రిజిస్టరుకూ ఎక్కదు. లాభం కంపెనీది, నింద తల్లిది!

ఇంటి పనిపై నిషేధం రావడానికి 20 ఏళ్లు పట్టింది. 2006 అక్టోబరు 10న గాని అది అమలులోకి రాలేదు. ఎందుకంత ఆలస్యం? ఫ్యాక్టరీలో తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తాడు. పెద్దమనుషుల వంటింట్లోకి ఎవరు పోతారు?

2016 సవరణ 14 ఏళ్లలోపు పిల్లలకు అన్ని పనులనూ నిషేధించింది. మంచిదే. అయితే బడి అయ్యాక, సెలవుల్లో కుటుంబానికి సాయపడవచ్చంది. ఆ కుటుంబంలో తల్లిదండ్రులు, తోబుట్టువులే కాదు, మేనత్త, మేనమామ, బాబాయి, పిన్ని కూడా ఉన్నారు. పిల్లను రవాణా చేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? వరస కలిపితే చాలు!

ఒక్క నిషేధంతో పని జరగదు. 1992లో అమెరికాలో హార్కిన్ బిల్లు పెట్టగానే బంగ్లాదేశ్ గార్మెంట్ యజమానులు వేలాది పిల్లలను గెంటేశారు. వాళ్లంతా బడికి పోలేదు. ఇంటి చాకిరీకి, రాళ్లు కొట్టడానికి పోయినవాళ్లున్నారు. 1995 ఒప్పందం తర్వాతే బడీ, నెలకు 300 టాకాల భృతీ వచ్చాయి. మన సుప్రీంకోర్టు కూడా 1996 డిసెంబరు 10న, ప్రమాదకర పనిలో పిల్లను పెట్టుకున్న యజమాని 20,000 రూపాయలు కట్టాలనీ, ఆ ఇంటి పెద్దకు పని చూపాలనీ చెప్పింది.

కనుక మన డిమాండ్లు ఇవి: పెద్దలకు బతకగలిగే కూలి, ఇంట్లో బీడీ చుట్టే తల్లికి పూర్తి మజూరీ, విడిపించిన పిల్లకు బడి, భృతి.

ముందు మన గడప చూసుకుందాం. మన ఇంట అలాంటి పిల్ల ఉంటే రేపే బడిలో వేద్దాం. అప్పుడే యజమాని గడప ముందు నిలబడి గట్టిగా అడగగలం.