పెరటి కోడికి మంచి పుంజు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశమునకు బయలుదేరునపుడు మా కార్యాలయములో మిత్రులొకరు, "రోడ్లు, మంచినీళ్లు, వీధి దీపములు ఇన్ని ఉండగా పంచాయతీ సభ్యులకు కోళ్లను గూర్చి ఏమి చెప్పెదరు?" అని నవ్విరి. మేమును నవ్వితిమి. కాని ఆ ప్రశ్నకు సమాధానము రాజ్యాంగములోనే ఉన్నది. 1993లో అమలులోనికి వచ్చిన 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. అందు పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకము నాల్గవది, త్రాగునీరు పదునొకండవది. ఈ వరుసను బట్టి ఎక్కువ తక్కువలు నిర్ణయింపరాదు గాని, కోడి పంచాయతీకి పరాయిది కాదని మాత్రము తెలియుచున్నది.

మేము చెప్పబోవునది వేలకొలది కోళ్లను పెంచు ఫారములను గూర్చి కాదు. వాటి సంగతి వాటి యజమానులు చూచుకొనగలరు. ఇంటి వెనుక గంప క్రింద పడుకొని, తెల్లవారగానే కల్లములలోను పెంటకుప్పల మీదను తిరిగి కడుపు నింపుకొను నాలుగైదు నాటు పెట్టలను గూర్చి మా మనవి. వాటిపై వచ్చు డబ్బు సాధారణముగ ఇల్లాలి చేతిలో ఉండును. పిల్లవాని పుస్తకములకు, హఠాత్తుగ వచ్చిన జ్వరమునకు, చుట్టము వచ్చిన నాటి కూరకు అదే ఆధారము. ఆ కోడి జాతి ఏటికేడు చిన్నదగుచున్నదనియు, పిల్లలు నిలుచుట లేదనియు అనేక గ్రామములలో ఆడవారు మాతో చెప్పుచున్నారు. కారణము వెదుకుటకు దూరము పోనక్కరలేదు.

ఒక సంక్రాంతి వెళ్లిన తరువాత మేమొక గ్రామములో ఒక ఇంటి పెరటిలో నిలిచి చూచితిమి. ఏడు పెట్టలున్నవి. వాటి నడుమ ఒక పుంజు ఉన్నది. మెడ సన్నము, ఛాతి పలుచన, ఒక కాలు కొంచెము వంకర. "అమ్మా, ఈ పుంజును ఎందుకు ఉంచితిరి?" అని అడిగితిమి. ఆ పెద్దామె నవ్వి, "మేము ఉంచలేదు బాబుగారూ. పెద్దయ్యన్నీ పండక్కి అమ్ముడుపోయినయ్యి. దీన్ని కొనేవాళ్లు లేక మిగిలింది" అనెను.

ఆమె మాటలోనే మన పెరటి కోడి చరిత్ర అంతయు ఉన్నది. వరి విత్తనము కొరకు రైతు మేలైన వెన్నులను ఏరి ప్రక్కన పెట్టును. తాలు గింజలను విత్తనమునకు ఉంచువాడు ఎక్కడను లేడు. కోడి విషయములో మాత్రము మనము దానికి సరిగా విరుద్ధముగ చేయుచున్నాము. బరువైనది, చురుకైనది, త్వరగా ఎదిగినది ముందుగ సంతకు పోవును. ఎదుగనిది మిగులును. మిగిలినదే తరువాతి తరమునకు తండ్రి యగును. ఏడు పెట్టలలో ఒక్కొక్క పెట్ట తన పిల్లలకు మాత్రమే తల్లి. పుంజో, ఆ ఏడింటి పిల్లలన్నింటికిని తండ్రి. ప్రతి పిల్లకును సగము గుణము తండ్రి నుండియే వచ్చును గనుక, ఒక్క పుంజును తప్పుగ ఎన్నుకొన్నచో మంద సగము చెడినట్లే. ఎవరును ఎన్నుకొనక మిగిలిన పుంజు చేతిలో మంద పడినచో ఇక చెప్పవలసిన దేమున్నది?

మన ప్రాంతము వారికి కోడిని చూచు కన్ను లేదనుటకు వీలులేదు. అసీలు జాతికి మన కోస్తా మండలము పుట్టినిండ్లలో నొకటి. పల్నాటి కథలో రాజ్యములే కోడిపందెముపై తారుమారైనవని చెప్పుకొందుము. డేగ, కాకి, నెమలి, పింగళ అని రంగును బట్టి పుంజులకు పేర్లు పెట్టి, కుక్కుటశాస్త్రమని గ్రంథమును కూడ వ్రాసికొన్నారు. ఇంత విద్య ఉండియు, ఏ పెట్ట ఏడాదికి ఎన్ని గుడ్లు పెట్టెనో లెక్క వ్రాసినవారు ఊరికొక్కరైనను కనబడరు. పైగా కత్తి కట్టిన పందెములో చచ్చునది ఊరిలోని మేలైన పుంజులే. జంతువులను పోరాటమునకు పురికొల్పుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరమని సభ్యులకు తెలియును. చట్టము సంగతి అటుంచినను, మంచి విత్తనమును ఏటేట నరికివేయుచు జాతి క్షీణించెనని విచారించుట వింతగ ఉన్నది.

ఇక చేయదగిన పని. మూడు, నాలుగు నెలల వయస్సులో, అనగా అమ్మకమునకు ముందే, పుంజు పిల్లలను పక్క పక్కన నిలిపి చూడవలెను. ఒకే వారములో పొదిగిన వాటినే పోల్చవలెను. ముందు పుట్టినది పెద్దదిగ నుండుటలో గొప్ప యేమియు లేదు. బరువు, నిటారైన కాళ్లు, వెడల్పయిన ఛాతి, మెరయు కన్నులు, రోగము పాలుకాక పెరిగిన చరిత్ర చూడవలెను. వీటన్నిటికంటె ముఖ్యముగ దాని తల్లి ఎట్టిదో చూడవలెను. పుంజు గుడ్లు పెట్టదు గాని, గుడ్లు పెట్టు గుణమును కూతుళ్లకు అందించును. ఎక్కువ గుడ్లు పెట్టిన తల్లి కొడుకునే ఉంచుట అందుకే.

తల్లి సంగతి తెలియుటకు లెక్క కావలెను. లెక్కకు పెద్ద పుస్తక మక్కరలేదు. పెట్ట కాలికి రంగు దారము కట్టి, గోడమీద అదే రంగు గుర్తు క్రింద గుడ్డుకొక గీత బొగ్గుతో గీసిన చాలును. దారము బిగువుగ నున్నచో కాలు వాచును గనుక నెలకొకసారి చూచుకొనవలెను. గీతలు లేని యింట పెట్టను చేతబట్టి చూచియు కొంత తెలిసికొనవచ్చును. గుడ్లు పెట్టుచున్న దానికి జుట్టు ఎర్రగ, నిగనిగలాడుచుండును. తోక దిగువనున్న రెండు ఎముకల కొనల మధ్య రెండు మూడు వ్రేళ్లు పట్టును. పెట్టని దానికి ఒక వ్రేలు కూడ కష్టముగ పట్టును.

నాటు పెట్ట ఏడాదికి ఏబది, అరువది గుడ్లకు మించి పెట్టకుండుట దాని సోమరితనము కాదు. రెండు మూడు వారములు పెట్టును, 21 దినములు పొదుగును, ఆపై రెండు మూడు నెలలు పిల్లలను త్రిప్పును. ఇట్లు ఏడాదిలో మూడు నాలుగు కాన్పులు మాత్రమే జరుగును. ఇద్దరు తల్లుల క్రింద ఒకేనాడు గుడ్లు పొదుగవేసి, పిల్లలు లేచిన తరువాత అన్నిటిని ఒక తల్లికే అప్పగించినచో రెండవది త్వరలోనే మరల గుడ్లకు వచ్చును. ఇది మా కల్పన కాదు. తెలివైన ఇల్లాండ్రు ఎప్పటినుండియో చేయుచున్నదే. పొదుగవేయు గుడ్లు వారము దినములకు మించి నిలువయున్నవి కారాదు. పది, పండ్రెండు చాలును. ఏడవ రాత్రి టార్చిలైటు వెలుగులో చూచి, నరములు కనబడని గుడ్లను తీసివేయవచ్చును.

ఈ మధ్య కొందరు సభ్యులు చైనా దేశపు సిల్కీ కోడిని గూర్చి అడుగుచున్నారు. పట్టువంటి మెత్తని ఈకలు, నల్లని చర్మము, నల్లని ఎముకలు, కాలికి నాలుగింటికి బదులు అయిదు వ్రేళ్లు గల వింత కోడి అది. 13వ శతాబ్దిలో చైనాకు వెళ్లిన మార్కో పోలో ఇట్టి కోళ్లను పేర్కొన్నాడు. పొదుగుటలో దానికి సాటి లేదు. పరాయి గుడ్లను, బాతు గుడ్లను కూడ ఓపికతో పొదుగును. కాని దాని ఈకలు నీటిని ఆపలేవు. వానలో తడిసి ముద్దయగును. సరిగా ఎగురలేదు గనుక ముంగిసకు, కుక్కకు సులభముగ దొరకును. ముచ్చటకు పెంచదలచినవారు పొడి గది, కట్టుదిట్టమైన దడి ఉన్నపుడే పెంచవలెను. ఊరి మీద వదలి పెంచు పెరటికి అది తగదని మా అభిప్రాయము.

అయితే సిల్కీ కోడి మనకొక పాఠము నేర్పుచున్నది. దానిని మామూలు కోడితో కలిపినచో పుట్టిన పిల్లలన్నింటికి మామూలు ఈకలే వచ్చును. పట్టు ఈకలు పోయినవని అనుకొందుము. ఆ పిల్లలనే తమలో తాము కలిపినచో మనుమల తరములో సుమారు నాలుగింట ఒకదానికి పట్టు ఈకలు మరల కనబడును. గుణము పోలేదు, దాగియున్నది. నలుపు సంగతి వేరు. అది అంత సులువుగ దాగునది కాదు. ఇంగ్లండులో బేట్సన్, పన్నెట్ అను శాస్త్రజ్ఞులు ఈ కోడి నలుపు వంశములో ఎట్లు దిగునో పరిశోధించి 1911లో ప్రకటించిరి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కడకనాథ్ కోడి నలుపునకును మూలము అట్టి జన్యు మార్పే. కలగలుపు సంతతిలో కూడ నలుపు కనబడునని తెలిసినవారు, నల్లగ నున్నంత మాత్రమున శుద్ధమైన కడకనాథ్ అని నమ్మి ఎక్కువ ధర చెల్లింపరు. ఈ ఒక్క మాట జ్ఞప్తియందుంచుకొన్నను మా ప్రసంగము వలన కొందరికి డబ్బు మిగులును.

దాగియుండునవి అందమైన ఈకలే కావు; లోపములును దాగియుండును. ఒకే పుంజును ఏండ్ల తరబడి ఉంచినచో అది తన కూతుళ్లతో, మనుమరాండ్రతో కలియును. అపుడు ఇరువైపుల దాగిన లోపములు ఒకచోట చేరి పైకి వచ్చును. గుడ్లు పొదుగవు, పిల్లలు గుడ్డులోనే చచ్చును, లేచినవి నీరసించును. "దిష్టి తగిలినది" అని మనము అనుకొనునది తరచుగ ఇదియే. పుంజును ఏడాదికొకసారి మార్చుటయే దీనికి మందు. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలును గనుక, రెండు వీధులవారు తమలో తాము మేలైన పుంజులను మార్చుకొన్నచో డబ్బు ఖర్చు కూడ లేదు. క్రొత్త పుంజును మూడు వారములు విడిగ నుంచవలెను. రోగమేదైన నున్నచో ఆ గడువులో బయటపడును. పాత పుంజును అదేనాడు తీసివేసినచో, పెట్టల కడుపులో మిగిలిన దాని బీజము కూడ ఆ మూడు వారములలో చాలవరకు తీరిపోవును. అంతవరకు పెట్టిన గుడ్లను కూరకు వాడుకొని, పిమ్మట వచ్చినవి పొదుగవేయవలెను.

హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు అనేక గ్రామములకు చేరినవి. వనరాజా పెట్ట పెరటిలో ఏడాదికి నూరు గుడ్లకు పైగా పెట్టును. మంచిదే. అయితే అవి వేర్వేరు వంశములను కలిపి తయారుచేసినవి. వాటి గుడ్లను ఇంటిలో పొదిగించినచో పిల్లలు తల్లిదండ్రుల వలె ఉండవు. కొన్ని బాగుండును, కొన్ని తీసికట్టుగ నుండును. ప్రతిసారి క్రొత్త పిల్లలను కొనగలవారికి అవి మేలు. కొనలేనివారికి నాటు కోడినే ఏరి బాగుచేసికొనుట మేలు. ఈ రెండు మార్గములను కలగాపులగము చేసికొన్న ఇండ్లలోనే నిరాశ ఎక్కువగ కనబడుచున్నది.

ఎంత ఏరి పెంచినను కొక్కెర తెగులు ఒక్కవారములో ఊరినంతయు ఊడ్చివేయును. దీనినే రాణీఖేత్ వ్యాధి అందురు. దీనికి మందు లేదు, టీకా కలదు. మొదటి వారములో కంటిలోనో ముక్కులోనో చుక్క వేయుదురు, నాలుగవ వారమున మరల వేయుదురు, ఎనిమిదవ వారమున సూది వేయుదురు. మరి ఎందుకు వేయించుట లేదు? టీకా సీసాలో నూరు కోళ్లకో అంతకు మించియో సరిపడు మందు ఉండును. మంచులో ఉంచి తేవలెను. కలిపిన రెండు గంటలలో వాడవలెను. ఎనిమిది కోళ్లున్న ఇల్లాలు ఒంటరిగ ఆ సీసాను తెప్పించుకొనలేదు. ఇక్కడనే పంచాయతీ అవసరము వచ్చుచున్నది. పశువైద్యశాలతో మాట్లాడి ఒక తేదీ నిర్ణయించి, ముందురోజు దండోరా వేయించి, తెల్లవారుజామున కోళ్లను గంపలనుండి వదలక ముందే వార్డుకొక జట్టు తిరిగినచో రెండు గంటలలో ఊరు పూర్తియగును. కోళ్లు బయటికి పోయిన తరువాత పట్టుకొనుట ఎవరివలనను కాదు. ఆ అనుభవము మాకున్నది.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్‌ఫ్లూ వచ్చినపుడు, వ్యాధి సోకిన చోటికి చుట్టును కిలోమీటరు మేర ఆంక్షలు, పది కిలోమీటర్ల మేర నిఘా పెట్టవలసివచ్చెను. ఊరిలో ఒక్కసారిగ అనేక కోళ్లు చచ్చినచో వాటిని కాలువలో పారవేయుట, చౌకగ అమ్ముట మహాపరాధము. చేతితో ముట్టక, అదే పూట పశువైద్యునికి కబురు చేయవలసినది సర్పంచి లేదా వార్డు సభ్యుడు. రోగము ఊరిలో నున్నన్నాళ్లు పుంజుల మార్పిడియు ఆపవలెను.

సంక్రాంతికి ఇంకను వ్యవధి ఉన్నది. బేరగాండ్రు రాకముందే ప్రతి ఇంట రెండు మేలైన పుంజు పిల్లల కాళ్లకు దారము కట్టించుడు. ఒకటి చచ్చినను రెండవది మిగులును. దారము కట్టిన పుంజు అమ్మకమునకు లేదని ఇంటిలో పిల్లలకు కూడ చెప్పియుంచవలెను. పెద్దలు పొలము పోయినపుడు బేరము జరుగునది వారితోనే. టీకా తేదీలను గూర్చి మాట్లాడుటకు పశువైద్యులు ఈ సమావేశమునకు వచ్చియున్నారు. వార్డులవారీగ కోళ్ల సంఖ్యను వ్రాసి ఇచ్చినచో ఎన్ని సీసాలు కావలెనో వారు ఇప్పుడే చెప్పగలరు.