ఆనందభవనము
(ఒక సభయందు చేసిన యుపన్యాసము)



ప్రయాగకు బోయినవారు త్రివేణిలో మునిగి మరలివచ్చుట వాడుక. ఆ నగరముననే మఱియొక యాత్రాస్థలము కలదు, అది యానందభవనము. నెహ్రూకుటుంబము నివసించిన యా గృహమును 1970లో ఇందిరాగాంధి జాతికి సమర్పించెను. నేడది ప్రదర్శనశాల. జవహర్లాలు పడకగది, గ్రంథములతో నిండిన పఠనమందిరము, గాంధీమహాత్ముడు బసచేసిన గది, కాంగ్రెసు కార్యనిర్వాహకవర్గము కూడిన గది — అన్నిటిని జనులు వచ్చి చూచుచున్నారు.

“ధనవంతుని మేడను బీదవాడేల చూడవలెను? ఇది వ్యక్తిపూజ కాదా?” యని కొందఱడుగుదురు. ఆ ప్రశ్నను నేను త్రోసిపుచ్చను. మేడ యందమునకే దానిని నిలుపుదుమేని, మనదేశమున మేడలకు కొదువ లేదు. ఈ యింటి చరిత్ర వేఱు.

మోతీలాలు 1900 ప్రాంతమున కొన్న పాత యానందభవనము ఆ ప్రక్కనే యున్నది. న్యాయవాదవృత్తిచే నార్జించిన యైశ్వర్యమెల్ల నందు వెలిగెను. 1920లో సహాయనిరాకరణము రాగా నాయన వృత్తిని విడిచెను. సీమబట్టలు పోయి ఖద్దరు వచ్చెను. 1921 డిసెంబరులో తండ్రియు కొడుకును చెఱసాలకు బోయిరి. విధించిన జుల్మానాను చెల్లింపమనగా పోలీసులు వచ్చి యింటి సామానులను జప్తుచేసి కొనిపోయిరి. నాలుగేండ్ల యిందిర దానిని జూచి మిక్కిలి కినిసెను. తుదకు 1930లో ఆ పాతభవనమునే మోతీలాలు కాంగ్రెసునకు దానమిచ్చెను, అది స్వరాజ్యభవనమయ్యెను. 1931 ఫిబ్రవరి 6వ తేదీన నాయన స్వర్గస్థుడయ్యెను.

కాబట్టి యచ్చట మిగిలిన వస్తువులతోబాటు పోయిన వస్తువులనుగూడ తలచుకొనవలెను. జప్తులో బోయిన సామాను ఏ గదిలోను కానరాదు. దానిని చూపవలసినది చెప్పువాని మాట. ఆ మాట లేనినాడు చూచువాడు కుర్చీలను లెక్కించి, “ఎంత భాగ్యవంతులు!” అని యింటికి బోవును. అది భవనమునకు చేయు నపచారము.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలను చేయిపట్టుకొని యచ్చటికి గొనిపొండు. “వీరి కెంత యుండెను?” అని బిడ్డ యడిగినచో బదులు చెప్పుడు. పిదప, “ఎంత యిచ్చిరి?” అని మీరే యడుగుడు. ఈ రెండవ ప్రశ్నను దేశము మఱవకుండుటకే యట్టి యిండ్లు నిలువవలెను. ఆ ప్రశ్న నేటి ప్రజానాయకులను గూడ ద్వారముకడ నాపి యడుగునట్టిది.