గేటు లోపలికి ఒక్కరే

మొన్న మన యువజనుల సమావేశంలో నేను మాట్లాడింది రాసి పెట్టమని చాలామంది అడిగారు. టైము లేక అక్కడ వదిలేసినవి కూడా కలిపి రాస్తున్నా.

కాన్పు వార్డు గేటు దగ్గర నిలబడినవాళ్ళు చేతులు లేపండి అంటే ఆ రోజు దాదాపు అందరూ లేపారు. మగపిల్లలు కూడా. ఇది చదువుతున్న మీరు కూడా నిలబడే ఉంటారు.

మా అక్కకు నొప్పులు రాత్రిపూట మొదలైనయి. 102 బండి మా గుంపు దాకా రాదు, వాగు అవతలే ఆగుతుంది. మంచం మీద మోసి వాగు దాటించాం. ఇది మీకు కొత్త కాదు, పేపర్ల వాళ్ళకూ కొత్త కాదు, వానాకాలం వస్తే ఫొటో వేస్తారు. ఆ ఫొటో అయిపోయాక ఆసుపత్రి లోపల ఏం జరుగుతుందో ఎవరూ రాయరు. నేను చెప్పేది అదే. ఏ ఆసుపత్రో పేరు చెప్పను.

గేటు దగ్గర సెక్యూరిటీ అన్న ఒక్కటే పాస్ ఇచ్చాడు. "ఒక్కరే ఉండాలె, ఎవరో తొందరగా తేల్చుకోండి" అన్నాడు. మా అమ్మ నలుగురిని ఇంట్లోనే కన్నది, గుంపులో ఎందరికో పురుడు పోసింది. కానీ అమ్మకు కోయ తప్ప తెలుగు రాదు. నాకు డిగ్రీ దాకా తెలుగు వచ్చు, కాన్పు గురించి మాత్రం ఏమీ తెలవదు. అక్క అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనే ఆ చెయ్యి విడిపించి లోపలికి తీసుకుపోయా. సిస్టర్ అడిగేదానికి జవాబు చెప్పే మనిషి ఉండాలి కదా అనుకున్నా. అది సరైన పనో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

అమ్మ రెండు రాత్రులు బయట చెట్టు కిందే పడుకుంది. చూడటానికి సాయంత్రం 4 నుంచి 6 దాకానే వదులుతారు. మా వైపు ఆఖరి బస్సు 5 గంటలకు. బావ కూలి మానుకొని వచ్చి, పాప ముఖం పావుగంట చూసి బస్సుకు పరుగెత్తాడు.

పక్క మంచం మీద ఒక గుత్తికోయ వదిన, అప్పుడే కాన్పయింది. భర్త గేటు బయట, ఆమె ఒక్కతే లోపల. "ఏర్, ఏర్" అని అడుగుతోంది. మన భాషలో ఏర్ అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. "ఈమెకు ఏరు కావాలంట" అని ఆయమ్మ నవ్వింది. నేను లేచి సిస్టర్‌ను అడిగి నీళ్ళు తాగించా. అది చూసిన రాత్రి డ్యూటీ సిస్టర్ ఒక కాగితం తెచ్చి నీళ్ళు, నొప్పి, ఆకలి, రక్తం, వీటిని కోయలో ఏమంటారో రాయించుకుంది. వార్డు మొత్తానికి ఆమె ఒక్కతే. అందుకే నేను సిస్టర్లందరినీ ఒకే గాటన కట్టను.

కానీ పాపను బయటికి తెచ్చినామె డబ్బులు అడిగింది. "ఆడపిల్లే కదా, మూడొందలు చాలు" అంది. మీటింగుల్లో మైకు పట్టుకొని మాట్లాడే నేను, నోరు మూసుకొని ఇచ్చా. లోపల అక్క ఉంది, రేపు ఆమెను ఏమంటారో అని భయం. మీలో ఎవరైనా అట్లా ఇచ్చి ఉంటే సిగ్గుపడకండి, నాకు చెప్పండి.

ఆ డబ్బు అడగటానికి వీల్లేదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్‌తో సహా, పూర్తిగా ఉచితం. మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం కూడా. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్ అయితే 7 రోజులు భోజనం పెట్టాలి, మళ్ళీ ఇంటికి బండిలో దించాలి. ఇంకొకటి. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ, నొప్పుల సమయంలో గర్భిణికి తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని చెప్పింది. ఆ తోడు కాన్పు అనుభవం ఉన్నామె అయితే మంచిదని కూడా చెప్పింది. అంటే లోపల ఉండాల్సింది మా అమ్మ. తెలుగు చెప్పే మనిషిని చూసుకోవాల్సింది ఆసుపత్రి. ఇంట్లోవాళ్ళ మీద ఆ పని పడేసి, అమ్మ కావాలా తెలుగు కావాలా అని గేటు దగ్గర అడగటం ఏం న్యాయం?

వచ్చే సోమవారం ఐటీడీఏ గిరిజన దర్బార్‌లో కాగితం ఇస్తున్నాం. తెలుగు రాని గర్భిణికి రెండు పాసులు ఇవ్వాలి. ప్రతి షిఫ్టులో కోయ వచ్చిన ఒక ఆడమనిషిని జీతం ఇచ్చి పెట్టాలి. చూసే టైము మన బస్సులను బట్టి మార్చాలి. డబ్బులు అడిగిన సంగతి కూడా రాస్తాం. నా మూడొందలు మొదటి లైను.

అప్పటిదాకా వార్డు దగ్గర వంతులవారీగా ఉండటానికి రెండు భాషలూ వచ్చిన ఆడపిల్లలు కావాలి. ఇప్పటికి ఐదుగురం అయ్యాం, రాత్రి వంతుకు ఇంకా ఇద్దరు తక్కువ. రాగలిగినవాళ్ళు ఆదివారం లోపు మీ గుంపు పేరుతో సహా చెప్పండి.