వ్యవహారమునందు వాక్చాతుర్యము



నోరున్నవానిదే రాజ్యమని లోకులందురు. పొలముగట్టు తగవైనను, దాయభాగపు వ్యాజ్యమైనను, మాట నేర్చినవాఁడు గెలుచుటయు, న్యాయము తన పక్షముననున్నను మాట తడఁబడువాఁడు ఓడుటయు అరుదు కాదు. ఇట్లు జరుగకుండుటకు మన ప్రాచీనులు చేసిన కట్టుబాట్లను నేఁడు మనవి చేసెదను.

గౌతముని న్యాయసూత్రములయందు చర్చ మూఁడు విధములుగాఁ జెప్పఁబడినది. సత్యనిర్ణయమునకై చేయునది వాదము. గెలుపే కోరి చేయునది జల్పము. తన పక్షమును నిలుపక యెదుటివాని పక్షమును పడఁగొట్టుటయే పనిగాఁ గలది వితండ. జల్పమునకు ఛలమొక ఆయుధము. అనఁగా ఎదుటివాని మాటకు వేఱర్థము కల్పించి దెబ్బతీయుట. భాష్యకారుఁడగు వాత్స్యాయనుఁడు దీనికొక దృష్టాంతము చూపెను. ఒకఁడు ఒక బాలుని 'నవకంబళుఁడు' అనెను. క్రొత్త కంబళి గలవాఁడని యతని భావము. సంస్కృతమున నవశబ్దమునకు తొమ్మిది యనియు నర్థము కలదు గదా! అంతట ఎదుటివాఁడు, ఉన్నది యొక్కటియే, తొమ్మిది కంబళ్లెక్కడివని నిలదీసెను.

సభలో నవ్వు పుట్టించు నీ ఛలమే న్యాయస్థానమునఁ జొచ్చినచో ఒకని భూమి పోవును. అందుచేతనే యాజ్ఞవల్క్యస్మృతి, ఛలమును త్రోసివేసి యథార్థమును బట్టియే తీర్పు చెప్పుమని రాజును శాసించినది. వ్యవహారమునకు అభియోగము, ప్రత్యుత్తరము, రుజువు, నిర్ణయము అని నాలుగు పాదములు. వాది చెప్పినదానిని ప్రతివాది యెదుటనే తేదీతోఁగూడ వ్రాయవలెను. వ్రాఁతకెక్కిన మాట మఱునాఁడు రూపు మార్చుకొనలేదు. రుజువులో ముఖ్యములైనవి పత్రము, అనుభవము, సాక్షి.

పెదవులు నాకుకొనుట, నొసట చెమట పట్టుట, ముఖము వివర్ణమగుట దుష్టుని లక్షణములని స్మృతి చెప్పినది. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున (1076-1126) మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుఁడు మాత్రము, ఇవి దోషమును ఊహింపఁజేయునే కాని నిశ్చయింపఁజేయవని హెచ్చరించెను. సహజమగు బెదరును, తప్పుచేసినవాని బెదరును వేఱుపఱచుట కష్టము గదా! ఈ ధర్మశాస్త్రమునే 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమను పేరఁ దెలుఁగు చేసెను.

నేఁటి చట్టమునందును ఈ జాగ్రత్త కలదు. 1872 నాఁటి సాక్ష్యచట్టమునకు బదులుగా 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనున్నది. న్యాయవాది తన సాక్షిని విచారించునపుడు, 'నీవు ఆ దినమున చెఱువుగట్టుమీఁద నుంటివి గదా?' అని జవాబును నోటికందించు ప్రశ్న వేసినచో, ఎదుటి పక్షము అభ్యంతరము చెప్పవచ్చును. న్యాయవాది ప్రసంగ మెంత మధురమైనను అది సాక్ష్యము కాదు. ఇఁక నోరులేని పేదకు నోరిచ్చుటకై 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము ఏర్పడినది. పేదలకు, స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి దానిమూలమున న్యాయవాది సాయము ఉచితముగా లభించును.

ఇంతమాత్రమున వాక్చాతుర్యము నిందింపఁదగినదని నా భావము కాదు. చిక్కుపడిన సంగతిని విడఁదీసి చూపు మాట న్యాయమునకు దీపము. గాలివాటమునకు ఆ దీపమే యిల్లు కాల్చును.

కావున పెద్దలారా, రచ్చబండయొద్ద మీరు తగవు తీర్చునపుడు ముందుగా ఇరువురి మాటలను కాగితముమీఁదఁ బెట్టుఁడు. పత్రము చూడుఁడు. ఏండ్ల తరబడి ఆ చేను దున్నినదెవరో విచారింపుఁడు. మాటకారి ముగించిన పిమ్మట, మూలఁ గూర్చున్న మితభాషిని దగ్గఱకుఁ బిలిచి, తొందరపెట్టక, అతఁడు చెప్పఁగలిగినంత చెప్పనిండు. అతని మాట పూర్తిగ వినక ఇచ్చిన తీర్పు తీర్పు కానేరదు.